మైపాడు తీరంలో రాత్రి బసకు గాలి తెర: ఏ రకం తీసుకోవాలి, ఇసుకలో ఎలా నిలబెట్టాలి?

సింహపురి_యాత్రికుడు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. సంక్రాంతి ఏటి పండుగ హడావుడి తీరిన తరువాత వచ్చే శనివారం మా కుటుంబమూ, మా బావగారి కుటుంబమూ కలిసి మైపాడు దగ్గర మా మేనమామగారి సరుగుడు తోపును ఆనుకుని ఉన్న ఇసుకలో ఒక రాత్రి టెంట్లు వేసుకుని గడపాలని అనుకుంటున్నాము. టెంట్లు రెండు, పొయ్యి ఒకటి, పెద్దవాళ్లం ఆరుగురం, మా చెల్లెలి చంటిబిడ్డ ఒకడు. స్థలం చూడడానికి మొన్న మధ్యాహ్నం వెళ్లినప్పుడు గాలి ఏకధాటిగా వీస్తోంది. పరచిన పట్ట నాలుగు మూలలా చెప్పులు పెట్టినా నిలవలేదు, డబ్బా మూత తీయగానే పులిహోరలో ఇసుక పడింది. కాబట్టి గాలికి అడ్డుగా ఏదో ఒక తెర తప్పదని తేలిపోయింది.

ఆన్‌లైన్‌లో నాలుగు అడుగుల ఎత్తు, పదహారు అడుగుల పొడవు ఉండి, ఐదు ఫైబర్ కర్రలతో వచ్చే నైలాన్ తెరలు కనబడుతున్నాయి. దానికి పెట్టే డబ్బులో సగానికే ట్రంకు రోడ్డు అంగళ్లలో ఆరడుగుల ఎత్తున మంచి టార్పాలిన్ కొనుక్కుని, తోపులోని కర్రలు నాటుకుంటే సరిపోతుందని మా బావగారు అంటున్నారు. ఎత్తు ఎక్కువైతే రక్షణ కూడా ఎక్కువే కదా అన్నది ఆయన వాదన. ఇందులో ఏది మేలు, మేకు పట్టని ఆ పొడి ఇసుకలో దానిని ఎలా నిలబెట్టాలి అన్న రెండు విషయాల్లోనూ అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.


తూర్పుతీరం (కొత్తపట్నం)

యాత్రికుడు గారూ, తెర ఏ గుడ్డతో చేసినదన్న ప్రశ్నకు ముందు అది ఏ దిక్కుకు నిలబడాలన్న ప్రశ్న ఒకటి ఉంది. మీరు గాలిని చూసినది మధ్యాహ్నం, నిద్రపోబోయేది రాత్రి. ఈ రెండు వేళల్లో వీచేది ఒకే గాలి కాదు.

మన తీరం దాదాపుగా ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కాబట్టి సముద్రం నేరుగా తూర్పున ఉంటుంది. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు అంత త్వరగా వేడెక్కదు, అందువల్ల మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి ఒడ్డుకు వస్తుంది. జనవరిలో ఈశాన్య గాలి కూడా దానికి తోడవుతుంది కనుక మీ పట్టను లేపిన గాలి తూర్పు, ఈశాన్యాల మధ్య నుంచి వచ్చి ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల చల్లబడిన కొద్దీ ఆ గాలి మెత్తబడి, ఒక దశలో పూర్తిగా ఆగిపోయి, ఆ తరువాత పడమటి వైపు నుంచి సముద్రం మీదికి సన్నని చల్లగాలి మొదలవుతుంది. బడిలో సముద్ర పవనాలు, భూ పవనాలు అని చదువుకున్నది ఇదే. ఈ రాత్రి గాలికి పగటి గాలికున్న బలం ఉండదు, కానీ మంచుతో కలిసి వస్తుంది కాబట్టి చంటిబిడ్డకు ఇబ్బంది పెట్టేది అదే.

అందువల్ల సాయంత్రం వంటకూ భోజనానికీ సముద్రం వైపు ఒక తెర, పడుకునే వేళకు టెంట్లకు పడమటి పక్కన పొట్టిగా మరో అడ్డు ఉండాలి. లేదా మొదటి తెరనే తీసి అటు నాటుకునే వీలుండాలి. మీరు కొనే వస్తువు ఇద్దరు మనుషులు చీకట్లో పీకి మళ్లీ పాతగలిగినంత తేలికగా ఉండాలని నేను అనడం అందుకే. వేసవిలో వెళ్లేవారికి మాత్రం ఈ లెక్క మారుతుంది. మే, జూన్ నెలల్లో పడమటి వడగాలి పొద్దంతా సముద్రపు గాలిని రానివ్వక, అది తగ్గీ తగ్గగానే తూర్పు గాలి ఒక్కసారిగా తిరగబడుతుంది. ఆ తిరగబడే సమయంలోనే తెరలు పడిపోతాయి.


లెక్కల_మాస్టారు (ఒంగోలు)

"ఎత్తు ఎక్కువైతే రక్షణ కూడా ఎక్కువే కదా" అన్న బావగారి మాట సగం వరకు నిజం. మిగిలిన సగాన్ని తాళ్లు, గూటాలు మోయవలసి వస్తుంది.

గాలి వేగం రెట్టింపయితే తెర మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. నాలుగు అడుగుల ఎత్తు, పదహారు అడుగుల పొడవున్న తెర వైశాల్యం సుమారు ఆరు చదరపు మీటర్లు. గంటకు 18 కిలోమీటర్ల గాలి ఎదురుగా వీచినప్పుడు దాని మీద పడే బలం దాదాపు 11 కిలోల బరువుకు సమానం. గాలి 36 కిలోమీటర్లకు పెరిగితే అది 44 కిలోలకు చేరుతుంది. 54 కిలోమీటర్ల విసురు ఒకటి వస్తే దాదాపు 100 కిలోలు. మామూలు సాయంత్రపు గాలికి నిక్షేపంగా నిలబడిన తెర ఒక్క విసురుకే లేచిపోవడానికి కారణం ఈ పెరుగుదలే.

ఇప్పుడు ఎత్తు సంగతి చూద్దాం. అదే పొడవుతో నాలుగు అడుగులను ఆరడుగులు చేస్తే గాలి తోపుడు ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. అయితే ఆ తోపుడు మరింత ఎత్తున పనిచేస్తుంది కాబట్టి తెరను పడదోసే శక్తి రెండుంపావు రెట్లు అవుతుంది. కింద కూర్చుని తినేవారికీ, పడుకునేవారికీ ఆరడుగుల తెరతో పని లేదు, నాలుగు అడుగులు చాలు.

తాడు ఎంత దూరాన కట్టాలన్నది కూడా లెక్కకు అందే విషయమే. కర్ర తలకు కట్టిన తాడు ఆ కర్ర ఎత్తుకు సమానమైన దూరంలో నేలను తాకితే, 36 కిలోమీటర్ల గాలిలో గాలి వైపున్న గూటాలన్నింటి మీదా కలిపి పైకి లాగే బలం 22 కిలోలు ఉంటుంది. స్థలం చాలదని ఎత్తులో సగం దూరానికే పాతితే అది 44 కిలోలు అవుతుంది, ఎత్తుకు రెట్టింపు దూరంలో పాతితే 11 కిలోలకు తగ్గుతుంది. ఇసుక పక్కకు లాగే బలాన్ని కొంతవరకు ఓర్చుకుంటుంది కానీ పైకి లాగే బలాన్ని అసలు ఓర్చుకోదు. కాబట్టి తాళ్లు పొడవుగా కొనండి, గూటాలు దూరంగా పాతండి. చీకట్లో కాళ్లకు తగలకుండా తాళ్లకు తెల్ల గుడ్డ పేలికలు కట్టండి.


కావలి_కాలిబాట (కావలి)

మాస్టారి లెక్కను నేను కాదనను గానీ టార్పాలిన్‌ను అంత తేలికగా తీసిపారేయవద్దని మనవి. నేను రామాయపట్నం వైపూ, ఇస్కపల్లి వైపూ ఎక్కువగా తిరుగుతుంటాను. నా దగ్గరున్నది అంగట్లో దొరికే మామూలు పట్టే. దాని వల్ల గాలి ఒక్కటే కాదు, ఇసుక కూడా ఆగుతుంది, మంచు కూడా ఆగుతుంది, ఆడవాళ్లకు కాస్త మరుగు ఏర్పడుతుంది, తెల్లవారాక కింద పరుచుకుని టిఫిను తినవచ్చు. కొందరు తెరకు వల గుడ్డ వాడతారు గానీ, చంటిబిడ్డ ఉన్న ఇంటివారు అది కట్టుకుని ఏం ప్రయోజనం?

పట్టకు ఉన్న అసలు బలహీనత మూలల్లోని ఇనుప రింగులు. గాలికి పట్ట పదే పదే కొట్టుకుంటుంటే ముందుగా ఊడేవి అవే, ఆ తరువాత ఆ చిల్లు దగ్గర నుంచే పట్ట నిలువునా చిరుగుతుంది. దీనికి సులువైన ఉపాయం ఉంది. రింగుకు ఒక జానెడు లోపలగా పట్ట వెనుక నుంచి గోళీకాయంత గులకరాయిని పెట్టి, పట్టను దాని చుట్టూ సంచి మూతిలా ముడిచి, ఆ మెడ దగ్గర తాడుతో రెండు చుట్లు వేసి బిగించండి. లాగిన కొద్దీ రాయి పట్టను తనలోకి బిగించుకుంటుందే తప్ప జారదు, పట్టకు చిల్లు పెట్టే పని కూడా ఉండదు. అంచు పొడవునా ఎక్కడ కావాలంటే అక్కడ ఇలా కట్టుకోవచ్చు. మైపాడు ఇసుకలో గులకరాళ్లు వెతికినా దొరకవు కాబట్టి ఇంటి దగ్గరే గుప్పెడు జేబులో వేసుకుని బయలుదేరండి.


పొదలకూరు_నిమ్మతోట (పొదలకూరు)

అన్నా, పట్ట మీద మీకున్న నమ్మకం నాకు తెలుసు. కానీ మా నిమ్మ నారు దగ్గర రోజూ నేను చూసేది వేరుగా ఉంటుంది. నారుమడికి గాలి వైపున పట్ట కట్టిన చోట దాని వెనకనే ఉన్న మొక్కలు కదలవు గానీ నాలుగడుగులు ఇవతల ఉన్న మొక్కలు అన్ని వైపులకూ ఊగిపోతుంటాయి. అదే చోట ఆకుపచ్చ షేడ్ నెట్ (నీడ కోసం కట్టే వల) కట్టినప్పుడు ఒక్క మొక్క కూడా పూర్తిగా నిశ్చలంగా ఉండదు, అలాగని ఒక్కటీ వంగిపోదు.

కారణం ఇది. గాలికి సందు లేని గోడ అడ్డుపడితే అది గోడ మీదుగా ఎగిరి, వెనుక ఏర్పడిన వెలితిలోకి సుడులు తిరుగుతూ దిగుతుంది. సగం సందులున్న తెర అయితే కొంత గాలి దానిలో నుంచే నెమ్మదిగా వెళ్లి ఆ వెలితిని నింపుతుంది కనుక సుడి బలపడదు, ఆ నెమ్మది కూడా ఎక్కువ దూరం వరకు నిలుస్తుంది. తీరం పొడవునా సరుగుడు తోపులు తుపాను గాలిని అణచడానికి పనికివస్తున్నది ఈ గుణం వల్లనే. పైగా గాలిలో కొంత భాగాన్ని వదిలేస్తున్నందువల్ల తెర మీద పడే బలం, మాస్టారు చెప్పిన తాళ్ల మీది లాగుడు కూడా ఆ మేరకు తగ్గుతాయి.

షేడ్ నెట్ కొనేవారు ఒక సంగతి గమనించాలి. అంగట్లో 35, 50, 75 శాతం అని చెప్పేది ఎండను ఎంత ఆపుతుందన్న లెక్కే గాని గాలి లెక్క కాదు. మన అవసరానికి 50 శాతానిది సరిపోతుంది. 75 శాతానిది ఇంచుమించు పట్టలాగే ప్రవర్తిస్తుంది.

ఇంకొక మాట. మనం ఉన్నది హిమాలయాల్లో కాదు. జనవరిలో కూడా మైపాడులో గాలి బొత్తిగా ఆగిన చోట కూర్చుంటే ముందు వచ్చేవి దోమలు. గాలిని చంపకుండా మెత్తబరచే తెర మన వాతావరణానికి తగినది.


కావలి_కాలిబాట

దోమల మాట ఒప్పుకుంటున్నాను. ఇసుక మాట ఏమిటి మరి? వలలో నుంచి ఇసుక రాదా?


పొదలకూరు_నిమ్మతోట

వస్తుంది. అయితే గాలికి కొట్టుకొచ్చే ఇసుకలో అధిక భాగం నేలకు ఒకటిన్నర అడుగు లోపలే ఎగిరెగిరి పడుతూ సాగుతుంది, ముఖం దాకా లేచేది కొంచెమే. కాబట్టి తెర అడుగున రెండడుగుల వెడల్పున పట్ట ముక్క, దాని పైన రెండడుగుల వల కుట్టించుకుంటే మీ కోరికా తీరుతుంది, నా వాదనా నిలుస్తుంది. పట్ట కింది అంచును జానెడు మేర ఇసుకలో పూడ్చండి. అక్కడ సందు మిగిలితే గాలి ఆ ఇరుకులో నుంచి మరింత వేగంగా దూరి, కూర్చున్నవారి కాళ్ల మీదికి ఇసుకను ఊదుతుంది. గోనె సంచులు కుట్టేవారు ఎవరైనా గంటలో కుట్టిపెడతారు.


రొయ్యలగుంట (విడవలూరు)

గుడ్డ గురించి తగినంత మాట్లాడుకున్నారు కాబట్టి నేను ఇసుక గురించి రాస్తాను. మా గుంటల చుట్టూ పీతలు రాకుండా వల కంచె, పైన పక్షులు దిగకుండా తాళ్లు కట్టి, ఏడాది పొడవునా సముద్రపు గాలికి వాటిని నిలబెట్టుకోవడం మా వృత్తిలో భాగం. ఒకటి చెబుతాను. టెంటుతో పాటు వచ్చే జానెడు మేకులను ఇంటి దగ్గరే వదిలేయండి. అవి గట్టి నేలకు ఉద్దేశించినవి. పొడి ఇసుకలో అలాంటి మేకును వేలితో పీకవచ్చు.

ఇసుకలో నిలిచేది గుచ్చినది కాదు, పూడ్చినది. తోపులో మణికట్టంత లావు సరుగుడు కర్రను రెండడుగుల ముక్కలుగా కోయించుకోండి. ఒక్కొక్క తాడు చివర నేలను తాకవలసిన చోట ఒకటిన్నర అడుగు లోతున గుంట తవ్వి, తాడును కర్ర ముక్క నడుముకు కట్టి, ఆ ముక్కను తాడు లాగే దిక్కుకు అడ్డంగా గుంటలో పడుకోబెట్టాలి. తాడు గుంటలో నుంచి నిటారుగా లేవకుండా తెర వైపు ఏటవాలుగా సన్నని గాడి ఒకటి తీసి అందులో నుంచి పైకి తేవాలి. ఈ గాడి తీయడానికి బద్ధకిస్తే తాడు గుంట అంచును కోసుకుంటూ వదులైపోతుంది. తరువాత అడుగునుంచి వచ్చిన చెమ్మ ఇసుకను ముందుగా వేసి, కాళ్లతో తొక్కి, ఒక బకెట్టు నీళ్లు పోసి, మళ్లీ తొక్కండి. చెమ్మ ఇసుక రేణువులు ఒకదానినొకటి పట్టుకుంటాయి, పైన పొడి ఇసుకకు ఆ గుణం లేదు. ఇంత చేసిన తరువాత మనిషి వెనక్కి వాలి లాగినా ఆ తాడు కదలదు.

కర్రలు లేనివారు ఖాళీ యూరియా సంచులు వాడవచ్చు. అయితే సంచి నిండా ఇసుక పోయకండి. 45 కిలోల యూరియా పట్టిన సంచిలో ఇసుక నింపితే 90 కిలోలు దాటుతుంది, దానిని జరపడం ఇద్దరి వల్ల కూడా కాదు. మూడో వంతు నింపి, మూతి కట్టి, గుంటలో పెట్టి పూడ్చితే దాని బరువుకు పైనున్న ఇసుక బరువు తోడవుతుంది. నేల పైన ఊరికే పెట్టిన నిండు సంచి కన్నా పూడ్చిన చిన్న సంచి మేలు.

తెర కర్రల విషయానికి వస్తే, పొడవులో మూడో వంతు ఇసుకలోకి దిగాలి. నాలుగు అడుగులు పైకి కనబడాలంటే ఆరడుగుల కర్ర కావాలి. సుత్తితో కర్ర తల మీద కొట్టకండి. వెదురు చీలుతుంది, ఫైబరు కర్ర పేలికలై చేతుల్లో గుచ్చుకుంటుంది. గునపంతో కన్నం చేసి, కర్రను దించి, చుట్టూ నీళ్లు పోసి తొక్కండి. కర్ర తలలు గాలి వైపుకు రవ్వంత వాలి ఉంటే మంచిది. ప్రతి కర్రకూ గాలి వైపు ఒక తాడు, వెనుక వైపు ఒక తాడు ఉండాలి. చివరి రెండు కర్రలకు పొడవు వెంబడి బయటికి లాగే మూడో తాడు కూడా ఉంటే తెర మధ్యలో సంచిలా ఉబ్బదు.


సింహపురి_యాత్రికుడు

రొయ్యలగుంట గారూ, చాలా వివరంగా రాశారు, కృతజ్ఞతలు. తాడు ఏ రకం వాడాలి? మా ఇంట్లో నైలాన్ తాడు ఉంది, మామయ్య దగ్గర పడవలకు వాడే పచ్చ తాడు ఉంది.


రొయ్యలగుంట

ఆ పచ్చ తాడు నీటిలో తేలుతుంది, చెమ్మ పీల్చదు, అది మంచిదే. కాకపోతే దాని ఒంటి నునుపు వల్ల ముడులు జారుతాయి కాబట్టి ప్రతి ముడికీ ఒక చుట్టు ఎక్కువ వేయండి. ఎండకు పెళుసెక్కి, చేతితో రుద్దితే పొడి రాలుతున్న తాడైతే వాడకండి. నైలాన్ తాడు గట్టిదే గానీ మంచుకు తడిసి సాగుతుంది. సాయంత్రం వీణ తీగలా బిగించినది అర్ధరాత్రికి వేలాడుతుంది, తెర కొట్టుకోవడం మొదలవుతుంది. నైలానే వాడితే పడుకోబోయే ముందు ఒకసారి అన్ని తాళ్లనూ బిగించి రండి.

బిగింపుకు లారీ డ్రైవర్లు సరుకు మీద పట్టను కట్టే ముడిని మించినది లేదు. తాడు మధ్యలో చిన్న ఉచ్చు వేసి, తాడు కొసను నేల వైపున్న కొక్కెం చుట్టూ తిప్పి తెచ్చి, ఆ ఉచ్చులో దూర్చి కిందికి లాగితే ఒక్క మనిషి బలం రెట్టింపుకు దగ్గరగా పనిచేస్తుంది. కందుకూరు వైపు పొగాకు లోడు కట్టే ఎవరినడిగినా రెండు నిమిషాల్లో నేర్పుతారు. పూడ్చిన కర్ర నుంచి బయటికి వచ్చిన తాడు కొసకు ఒక ఉచ్చు వేసి ఉంచితే అదే మీకు కొక్కెం.


ఉదయగిరి_మెట్లు (ఉదయగిరి)

ఇసుక సంగతి తీరింది గనుక కొండ వైపు వెళ్లే మా వంటివారి కోసం నాలుగు మాటలు చేరుస్తాను. మా మెట్ట ప్రాంతంలో గరప నేలకు మేకు దిగదు, దిగినా రాయి తగిలి వంగుతుంది. రాతి మీద అయితే మేకు ప్రస్తావనే లేదు. అక్కడ తాడును చేతిలో పట్టేంత చిన్న రాయికి కట్టి, ఆ రాయి ముందు, తెర వైపున, మోయగలిగినంత పెద్ద బండను తాడు మీద ఆనించండి. తాడు లాగినప్పుడు చిన్న రాయి వచ్చి బండకు తట్టుకుని నిలుస్తుంది. బండకే నేరుగా తాడు కడితే దాని పదును గాలికి కదిలే తాడును రాత్రికి రాత్రే కోసేస్తుంది. కొండ అంచున గాలి పైకి ఎగదన్నుతుంది కనుక అంచు నుంచి బాగా వెనక్కి జరిగి, సహజంగా ఉన్న బండ చాటును వెతుక్కోవడం ఏ తెర కన్నా ఉత్తమం. కంభం వైపు నల్లరేగడిలో వేసవిలో నెర్రెలు విచ్చిన నేల మేకును పట్టదు, వానాకాలంలో పట్టిన మేకును వదలదు. అక్కడ మూరెడు పొడవున్న కర్ర గూటాలు వాడండి. అటవీ శాఖ పరిధిలోని నల్లమలలోనూ, పెంచలకోన అడవిలోనూ అనుమతి లేకుండా రాత్రి బస చేయకూడదన్నది అందరికీ తెలిసినదే.


వంటింటి_రమణి (సింగరాయకొండ)

మగవారందరూ తెర నిలబెట్టడం గురించి రాశారు గాని ఆ తెర పక్కన వెలిగించే పొయ్యి గురించి ఒక్కరూ రాయలేదు. యాత్రికుడు తమ్ముడూ, దయచేసి ఈ భాగాన్ని మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

మీరు తీసుకెళ్లేది తల మీద బర్నరు ఉండే చిన్న గ్యాసు సిలిండరు అయితే, మంట ఆరిపోతోందని దాని చుట్టూ రేకునో తడికనో దగ్గరగా చుట్టకండి. గాలి ఆడకపోతే మంట వేడి కిందికి తిరిగి సిలిండరును తాకుతుంది. మామూలుగా గ్యాసు ఖర్చవుతున్న కొద్దీ సిలిండరు చల్లబడాలి. చేయి పెట్టి చూసినప్పుడు అది వెచ్చగా తగిలితే వెంటనే పొయ్యి ఆర్పి, అడ్డు తీసేయవలసిందే. గాలి వచ్చే వైపు మాత్రమే, ఒక బారెడు దూరంలో అడ్డు ఉంటే చాలు.

గాలికి తట్టుకోవడానికి ఇసుకలో గుంట తవ్వి గ్యాసు పొయ్యిని అందులో దించేవారిని మా పాకల తీరంలో చాలాసార్లు చూశాను. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది. రబ్బరు గొట్టం దగ్గర కొంచెం లీకైనా అది ఎటూ పోకుండా ఆ గుంటలోనే చేరి ఉంటుంది, తరువాత గీసిన అగ్గిపుల్లకు భగ్గుమంటుంది. గుంట కట్టెల పొయ్యికి మంచిది, గ్యాసు పొయ్యికి కాదు.

కట్టెల పొయ్యి అయితే ఇంకొక చిక్కు ఉంది. తూర్పుతీరం గారు చెప్పినట్టు సాయంత్రం గాలి సముద్రం నుంచి మీ మామయ్య తోపు వైపుకు వీస్తుంది. తోపు నేల మీద రాలిన సరుగుడు ఆకు మెత్తగా, ఎండుగా, దట్టంగా పరుచుకుని ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. తోపు అంచున గాని, తోపు లోపల గాని కట్టెలు వెలిగించవద్దు. తెరకు నాలుగైదు అడుగుల ఇవతల గ్యాసు మీదే వంట ముగించండి. నైలాన్, టార్పాలిన్, షేడ్ నెట్ మూడూ నిప్పు తగిలితే కరిగి బొట్లుగా చర్మానికి అంటుకుంటాయి. పాలు కాచడానికి కూడా పొయ్యిని టెంటు లోపలికి తేవద్దు. అగ్ని ప్రమాదం ఒక్కటే కాదు, మూసిన టెంటులో మంట వల్ల విషవాయువు చేరుతుంది, దానికి వాసన ఉండదు.


నిర్వాహకులు

చర్చకు సంబంధించిన రెండు సూచనలు. జనవరి నుంచి వేసవి మొదటి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రి వేళ మన తీరానికి వస్తాయి, అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందినవి. కాబట్టి తెరను, తాళ్లను అలలకూ ఇసుక దిబ్బకూ మధ్య ఉన్న ఖాళీకి అడ్డంగా కట్టకండి, దీపాలను సముద్రం వైపుకు తిప్పకండి. ఇసుక దిబ్బపై పాకే ఊదాపూల తీగను పీకి చదును చేయకండి, ఆ దిబ్బను నిలబెడుతున్నది అదే. రెండవది, వాయుగుండం గాని, తుపాను గాని ఉన్నదని వాతావరణ శాఖ ప్రకటించినా, కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగురవేసినా ప్రయాణం మానుకోండి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ వంటి దానికి ఏ తెరా సమాధానం కాదు.


సింహపురి_యాత్రికుడు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా బావగారు ఈ చర్చ అంతా చదివి, మాస్టారి లెక్కను కాగితం మీద మళ్లీ వేసి చూసుకుని ఆరడుగుల పట్ట ఆలోచన మానుకున్నారు. 50 శాతం షేడ్ నెట్‌కు అడుగున పట్ట ముక్క కలిపి పదహారు అడుగుల పొడవున కుట్టమని ఇచ్చాము. టెంట్ల పడమటి వైపుకు ఇంట్లో ఉన్న పాత పట్టను మూడడుగుల ఎత్తున, గులకరాళ్ల ముడులతో కడతాము. కర్రలు కోసి పెట్టమని మామయ్యకు చెప్పాను. ఒక్క సందేహం మిగిలింది. నిద్రలో ఉండగా గాలి హఠాత్తుగా పెరిగి తెరను దించవలసి వస్తే మొదట ఏ తాడు విప్పాలి?


రొయ్యలగుంట

మొదట ఏ తాడూ విప్పకూడదు. గాలి వైపు తాళ్లను ముందుగా వదిలితే తెర మొత్తం వెనుకనున్న టెంట్ల మీద పడుతుంది. ఇద్దరు మనుషులు తెర ఒక చివరకు వెళ్లాలి. ఒకరు ఆ చివరి కర్రను రెండు చేతులతో పట్టుకుని ఉండగా రెండోవారు దాని తాళ్లు విప్పి, కర్రను పీకి, గుడ్డను ఆ కర్రకే చుట్టుకుంటూ రెండో కర్ర దాకా రావాలి. అక్కడ అదే పని, తరువాత మూడోది. చుట్టని భాగానికి దాని తాళ్లు అప్పటిదాకా ఉండనే ఉంటాయి కాబట్టి గాలికి ఏ దశలోనూ గుడ్డ చిక్కదు. చివరి కర్ర దాకా చుట్టేశాక ఆ చుట్టను తెర నిలిచిన గీత వెంబడే పడుకోబెట్టి నాలుగు పారల ఇసుక వేయండి. పూడ్చిన కర్రముక్కలను ఆ చీకట్లో తవ్వనక్కరలేదు, తెల్లవారాక తీసుకోవచ్చు. పార, టార్చిలైటు రెండూ టెంటు గుమ్మం దగ్గరే పెట్టుకుని పడుకోండి.


కావలి_కాలిబాట

యాత్రికుడు గారూ, అడుగున పట్ట ముక్క కుట్టే మనిషికి దారం నైలానుది వాడమని ఒకసారి ఫోను చేసి చెప్పండి. నూలు దారం ఉప్పు గాలికి నాలుగు రోజుల్లో చివికిపోతుంది.